రెగ్యులర్ అనగా ఎవరు?

ఇష్టం లేకుండా చేసిన పూజ దేవుడికి చేరుతుందా అన్న సందేహం నాకు ఇరవై ఏళ్ళుగా ఉంది.

పొద్దున్నే స్నానం చేసి, దీపం వెలిగించి, పీట మీద కూర్చుని నామాలు చదువుతాను. నోరు కేశవా అంటూ ఉంటుంది. మనసు మాత్రం ఆఫీసులో ఏ ఫైలు ఏ బీరువాలో పెట్టానా అని వెతుకుతూ ఉంటుంది. ఒక్కోరోజు వెతికి పట్టుకుంటుంది కూడా. అలా దొరికిన ఫైలును ప్రసాదం అనుకోవాలో అపచారం అనుకోవాలో తెలియక ఇద్దరు పెద్దలను అడిగాను. ఒకాయన చేరుతుందన్నారు, ఒకాయన చేరదన్నారు. మా ఆవిడ కనకలతను అడిగితే, "ఇష్టం పుట్టేదాకా ఆగితే దీపం ఎవరు పెడతారండీ? నూనె అయిపోయింది, వచ్చేటప్పుడు పట్టుకురండి" అంది.

ఈ విషయం మీద మా పైఆఫీసుకు కూడా ఒక అభిప్రాయం ఉంటుందని నేను ఏనాడూ అనుకోలేదు.

నేను పురపాలక సంఘం కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. చదివింది పదో తరగతి, పైన టైపు హయ్యరు. నా సీటు ఎస్టాబ్లిష్‌మెంటు. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు రెగ్యులరు, ఎవరు కాంట్రాక్టు అన్న వివరాలన్నీ నా బీరువాలో ఉంటాయి. బయటి ప్రపంచంలో రెగ్యులర్ అంటే రోజూ అని అర్థం కావచ్చు. మా ఆఫీసులో ఆ మాటకు అంత చిన్న అర్థం లేదు. పుట్టుక, చావు, రెగ్యులర్ కావడం, ఈ మూడూ మనిషి చేతిలో లేవని మా కాంట్రాక్టు వాళ్ళు అనుకుంటూ ఉంటారు.

దసరా వెళ్ళిన సోమవారం సర్క్యులర్ వచ్చింది. పైఆఫీసులో ఒక పెద్దాయన ఏదో సదస్సుకు వెళ్ళి, వ్యాయామం భారం కాదు, పండగ అని విని వచ్చారట. విన్న పండగను జిల్లాలన్నిటికీ పంచారు.

"పురపాలక ఉద్యోగులందరూ తక్షణమే జిమ్‌కు రెగ్యులర్‌గా వెళ్ళవలెను. వెళ్ళి ఆనందించవలెను. ఆనందించుటలో ఎట్టి అలసత్వమూ సహించబడదు. ప్రేరణ లేనివారు మూడు పనిదినములలోగా ప్రేరణ పొంది, పొందినట్లు రాతపూర్వకముగా నివేదించవలెను."

మా సూపరింటెండెంటు దక్షిణామూర్తి గారు దాన్ని మూడుసార్లు చదివారు. ఆయన ఏ కాగితమైనా మూడుసార్లు చదువుతారు. మొదటిసారి ఏముందో చూడడానికి, రెండోసారి ఏం లేదో చూడడానికి, మూడోసారి తనకేమైనా చుట్టుకుంటుందేమో చూడడానికి. చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"జోగారావ్, ఇందులో రెగ్యులర్‌గా వెళ్ళవలెను అని ఉంది. గమనించావా?"

"చూశానండి. రోజూ వెళ్ళాలని కాబోలు."

"రోజూ అనాలంటే రోజూ అనేవారు. రెగ్యులర్‌గా అన్నారంటే రెగ్యులర్ హోదాలో అని. కాంట్రాక్టు సిబ్బంది వెళ్ళరాదు. ఆ మేరకు మెమో తయారుచెయ్."

"మరి కాంట్రాక్టు వాళ్ళకూ గుండె, మోకాళ్ళు ఉంటాయి కదండీ."

"ఉంటాయి. కాంట్రాక్టు ప్రాతిపదికన ఉంటాయి" అన్నారాయన.

మెమో తయారుచేశాను.

దోమల మందు యంత్రాలు పెట్టుకునే గదిని ఖాళీ చేసి జిమ్ చేశారు. నిలబడ్డచోటే నడిపించే ట్రెడ్‌మిల్లులు రెండు, ఎక్కడికీ వెళ్ళని సైకిలు ఒకటి, పట్టుకుని ఎత్తి మళ్ళీ అక్కడే దించాల్సిన డంబెల్సు ఒక అరనిండా వచ్చాయి. గుమ్మంలో వేలిముద్ర యంత్రం పెట్టారు. వేలు పెడితే తలుపు తెరుచుకుంటుంది, హాజరు పడుతుంది, పైన ఉన్న కెమెరా మన ముఖాన్ని ఫోటో తీస్తుంది. కమిషనర్ గారు రిబ్బను కత్తిరించి, అర నిమిషం ట్రెడ్‌మిల్లు మీద నడిచి దిగి, "ఆనందం అనేది పై స్థాయి నుంచి కింది స్థాయికి ప్రవహించాలి. మధ్యలో ఎక్కడా లీకేజీ ఉండకూడదు" అని ప్రసంగించారు. ఆయన అంతకుముందు నీటి సరఫరా విభాగంలో పనిచేశారు.

గది ఊడవడానికి గవరమ్మను వేశారు.

గవరమ్మ మా దగ్గర పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలు. తెల్లవారేలోగా రెండు వీధులు ఊడ్చి, చెత్తబండి తోసుకుంటూ వచ్చి ఆఫీసు ఊడుస్తుంది. తనను రెగ్యులర్ చేయమన్న ఆమె అర్జీ నా బీరువాలోనే ఉంది. పైఆఫీసుకు ఏడుసార్లు వెళ్ళి ఏడుసార్లు తిరిగి వచ్చింది. వచ్చే వైశాఖానికి ఆమెకు అరవై నిండుతాయి. రెగ్యులర్ అయితే ఇంకో రెండేళ్ళ కొలువు, ఆపైన పింఛను. కాకపోతే ఆ రోజు సాయంత్రం చీపురు అప్పగించి ఇంటికి పోవడమే. నెలకోసారి నా బల్ల దగ్గరకు వచ్చి, "నా కాయితం ఏటైంది బాబూ?" అని అడిగేది.

"ఇంకా రాలేదు గవరమ్మా."

"నాను సచ్చేలోగా రావాల బాబూ. మా ఆయన కాంట్రాక్టులోనే ఎలిపోనాడు. పైన కూడా ఆడిని ఏ లైన్లో నిలబెట్టినారో ఏటో."

ఊడవాలంటే తలుపు తెరవాలి. తలుపు తెరవాలంటే వేలిముద్ర కావాలి. ఆమె వేలిముద్ర యంత్రంలో ఎక్కించవచ్చా అని నేను దక్షిణామూర్తి గారిని అడిగాను. ఆయన ఆలోచించి, "ఎక్కించు. ఊడవడం వ్యాయామం కిందికి రాదు" అన్నారు.

జిమ్ మొదలైంది. మొదటి వారం అందరం వచ్చాం. గోడకు ఆనంద నమోదు పుస్తకం వేలాడదీశారు. పేరు, యంత్రం, సమయం, ఆనంద పరిమాణం అని గళ్ళు. పరిమాణం దగ్గర స్వల్పం, మధ్యస్థం, అధికం అన్న మూడింటిలో ఒకటి రాయాలి. అందరూ అధికం అనే రాశారు. బిల్లు కలెక్టరు సింహాచలం కాలి బొటనవేలి మీద డంబెల్ పడితే, కళ్ళు తుడుచుకుని, కుంటుకుంటూ గోడ దాకా వెళ్ళి అధికం అని రాశాడు.

"నిజంగానా సింహాచలం?" అని అడిగాను.

"మధ్యస్థం రాస్తే ఎక్స్‌ప్లనేషన్ అడుగుతారు గురువుగారూ. నా దగ్గర వేలుంది గానీ ఎక్స్‌ప్లనేషన్ లేదు" అన్నాడు.

నెల తిరగ్గానే ఆడిట్ వాళ్ళు వచ్చి పుస్తకం చూసి, ఎర్ర సిరాతో రాసి వెళ్ళారు: "ఆనందమునకు తగిన ఆధారములు జతపరచలేదు." పైఆఫీసుకు రాశాం. జవాబు వెంటనే వచ్చింది. హాజరు వేసేటప్పుడు కెమెరా తీసే ఫోటోయే ఆధారం. అందులో కనీసం ఎనిమిది పళ్ళు కనిపించాలి. అంతకు తగ్గిన ఆనందం పరిగణింపబడదు, ఆ రోజు గైరుహాజరు.

అప్పటి నుంచి పొద్దున్నే మా గుమ్మం దగ్గర దృశ్యం చూడవలసిందే. నిద్ర ముఖాలతో వచ్చిన వాళ్ళు వేలు పెట్టే ముందు ఒక క్షణం ఆగి, పెదవులు రెండూ వేళ్ళతో సర్దుకుని, గుర్రాల సంతలో బేరానికి నిలబడ్డట్టు పళ్ళన్నీ బయటపెట్టేవారు. తలుపు తెరుచుకోగానే పెదవులు మళ్ళీ కలిసిపోయేవి. లోపల ఎవరూ నవ్వేవారు కాదు. లోపల కెమెరా లేదు.

నా సంగతి చెప్పుకోవాలి. బరువులెత్తడం నాకు చేతకాలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ ఎత్తితే ఏడు దగ్గర ఊపిరి అందేది కాదు. పక్కన కుర్రకారు చూస్తుంటే సిగ్గుగా ఉండేది. అందుకని అందరికంటే ముందు, ఐదున్నరకే వెళ్ళడం మొదలుపెట్టాను.

మొదటి రోజే తలుపు తెరిచేసరికి ట్రెడ్‌మిల్లు తిరుగుతోంది. దాని మీద గవరమ్మ, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, చేతులు ఊపుకుంటూ నడుస్తోంది. చీపురు గోడకు చేరబడి ఉంది. నన్ను చూసి కంగారుగా పట్టాకు అడ్డంగా వంగింది.

"నడవడం కాదు బాబూ. ఈ రబ్బరు తిరిగితే గానీ కింద దుమ్ము కనబడదు."

"కనబడిందా?"

"రోజూ ఎతుకుతున్నాను" అని, నేను కోప్పడడం లేదని గ్రహించి నవ్వేసింది.

"ఏముంది గవరమ్మా అందులో? తెల్లవారకముందే రెండు వీధులు నడిచి వస్తావు. ఇంకా నడవాలని ఎలా అనిపిస్తుంది?"

"అది నడకేటి బాబూ? ముందర బండి, ఎనక ఇనస్పెట్రు కేకలు. ఇక్కడైతే బండి లేదు, కేకల్లేవు. ఎంత నడిసినా ఏ ఈదీ రాదు. ఈదే రాకపోతే ఇంక సెత్తెక్కడిది? నాకు ఊహ తెలిసినాక ఊరికినే నడిసింది ఇక్కడే." కొంగు బిగించుకుని, "పొద్దున్న లేవగానే జిమ్ముకెల్లాల అనిపిస్తాది. పనికెల్లాల అనిపించదు. రెండూ ఒక్క గదే, అయినా అలగే ఉంటాది" అంది.

మెమో ప్రకారం ఆమెను దిగమనాలి. కానీ మెమోలో కాంట్రాక్టు సిబ్బంది వెళ్ళరాదని ఉంది గాని, వెళ్ళినవాళ్ళు నడవరాదని లేదు. దాన్ని టైపు చేసింది నేనే కనుక నాకు బాగా గుర్తు. నేను డంబెల్ అందుకున్నాను. ఏడు దగ్గర దించేశాను.

"మీరు అంకెలు లెక్కెడతన్నారు బాబూ, అందుకే అంత బరువు. అంకెలకి అంతెక్కడుంది? దేముడి పేర్లు సెప్పుకోండి, అవైతే ఎక్కడో అక్కడ ఐపోతాయి" అందామె, నడుస్తూనే.

మర్నాడు కేశవ నామాలతో ఎత్తాను. కేశవ, నారాయణ, మాధవ అంటూ మొదటి రోజు వామనుడి దగ్గర ఆగాను. మూడో వారానికి నరసింహుడి దాకా వెళ్ళాను. సంక్రాంతి వెళ్ళాక ఒక పొద్దున్న శ్రీకృష్ణుడి దగ్గర ఇరవై నాలుగూ పూర్తయితే, ఇంకెవరైనా ఉంటే బాగుండునని మళ్ళీ కేశవుడి దగ్గర మొదలుపెట్టాను. ఆ వేళ ఇంకొకటి కూడా గమనించాను. చేతిలో బరువున్నంతసేపూ మనసు ఫైళ్ళ జోలికి పోలేదు. పీట మీద కూర్చుంటే పారిపోయే మనసు ఇక్కడ బుద్ధిగా ఉండడం ఏమిటా అనుకుంటూ పుస్తకంలో అధికం అని రాశాను. ఆ పుస్తకంలో పడిన మొదటి నిజమైన అధికం అదేనేమో. గవరమ్మకు పుస్తకంలో రాసే అర్హత లేదు.

ఈలోగా మిగతావాళ్ళ రాక పలచబడింది. రానివాళ్ళ దగ్గర సంజాయిషీలు అడిగారు. సింహాచలం సంజాయిషీ మా ఆఫీసును కుదిపేసింది. "నేను ఇరవై ఆరేళ్ళుగా రెగ్యులర్. ఆ మేరకు ఉత్తర్వులు ఉన్నాయి. రెగ్యులర్ ఉద్యోగి జిమ్‌కు వెళ్ళినా, వెళ్ళకపోయినా, ఇంట్లో పడుకున్నా రెగ్యులరే. కావున నేను రెగ్యులర్‌గా వెళ్ళడం లేదన్న అభియోగం చెల్లదు" అని రాశాడు.

దక్షిణామూర్తి గారు దాన్ని మూడుసార్లు కాదు, ఆరుసార్లు చదివారు. "తప్పెక్కడుందో దొరకడం లేదయ్యా. పైఆఫీసునే అడుగుదాం" అన్నారు.

వివరణ కోరుతూ ఉత్తరం నేనే రాశాను. అందులో ఒకే ఒక ప్రశ్న. "రెగ్యులర్ అనగా ఎవరు?"

ఇలాంటి ప్రశ్నలకు మా పైఆఫీసు సంవత్సరాల తరబడి జవాబివ్వదు. గవరమ్మ అర్జీని ఏడుసార్లూ జవాబు లేకుండానే తిప్పి పంపింది. కానీ దీనికి ఇచ్చింది, జిమ్ తెరిచి ఆరు నెలలు నిండడానికి సరిగ్గా మూడు రోజుల ముందు.

"రెగ్యులర్ అనగా జిమ్ ప్రారంభ తేదీ నుండి ఆరు మాసములు ఒక్క దినమైననూ తప్పక, తగు ఆనందముతో జిమ్‌కు హాజరైన వ్యక్తి. తదితరులెవ్వరునూ, ఏ హోదాలో ఉన్ననూ, రెగ్యులర్‌గా పరిగణింపబడరు. రెగ్యులర్ కానివారు అధికారిక పత్రములపై సంతకము చేయరాదు. ఈ వివరణ నేటి నుండియే అమలగును."

నేను ఆ కాగితం తీసుకుని కమిషనర్ గారి గదిలోకి వెళ్ళేసరికి ఆయన ఏదో ఉత్తరం మీద సంతకం పెట్టబోతున్నారు. వెనకే వచ్చిన దక్షిణామూర్తి గారు, జన్మలో మొదటిసారి, పై అధికారి చెయ్యి పట్టుకున్నారు.

"ఆగండి సార్. తమరిప్పుడు ఇర్రెగ్యులర్."

"నేనా? నేను రోజూ వచ్చాను కదా."

"మాఘమాసంలో ఒకరోజు లేరు సార్. రాజధానికి వెళ్ళారు."

"ఉత్తమ జిమ్ అవార్డు తీసుకోవడానికయ్యా వెళ్ళింది."

"తీసుకున్నారు సార్. కానీ ఆ రోజు జిమ్‌కు రాలేదు."

యంత్రం నుంచి జాబితా తీయించాం. అందరివీ ఎక్కడో ఒకచోట తెగిపోయాయి. సింహాచలం సంగతి సరేసరి. దక్షిణామూర్తి గారు ఒక్కరోజు కూడా మానలేదు గాని, ఆయన పై వరస పళ్ళు కట్టుడువి. ఒక చలి పొద్దున వాటిని ఇంట్లో గ్లాసులో మరిచిపోయి వచ్చారు. ఫోటోలో ఏడే కనిపించాయి. నా రెగ్యులర్‌తనం పుష్య బహుళ తదియ నాడు పోయింది. ఆ రోజు మా నాన్నగారి ఆబ్దికం. పితృకార్యానికి మినహాయింపు ఏ నిబంధనలోనూ లేదు.

జాబితా చివర ఒక్క పేరు మాత్రం తెగకుండా ఉంది. ఆదివారాలు, పండగలు కూడా మానకుండా నూట డెబ్భై తొమ్మిది రోజులు. ప్రతి ఫోటోలోనూ పళ్ళు లెక్కపెట్టనక్కర్లేనంత నవ్వు. పేరు గవరమ్మ.

"ఎవరీమె?" అన్నారు కమిషనర్ గారు.

"ఊడ్చే మనిషి సార్. కాంట్రాక్టు. పొరపాటున ఎక్కింది" అన్నారు దక్షిణామూర్తి గారు. నా వైపు తిరిగి, "ఇంకా మూడు రోజులుంది. రేపటి నుంచి ఆమెను సంత డ్యూటీకి వేస్తూ ఆర్డరు కొట్టు. ఒక్కరోజు తప్పితే చాలు, ఈ గొడవే ఉండదు" అన్నారు.

నేను టైపు చేసి తెచ్చాను. బల్ల మీద పెట్టి అడిగాను. "సంతకం ఎవరు పెడతారండీ?"

ఆయన కలం తీశారు. కలాన్ని చూశారు. నన్ను చూశారు. కలం మూత పెట్టేశారు.

ఆ సాయంత్రం ఆయన స్వయంగా గవరమ్మను పిలిచి నోటిమాటగా చెప్పారు. "రేపటి నుంచి నీకు సంతలో డ్యూటీ. ఇటు రావక్కర్లేదు."

"అలాగే బాబూ. కాయితం ఇవ్వండి."

"కాగితం ఎందుకు? నేను చెబుతున్నానుగా."

"పద్నాలుగేళ్ళుగా నానేటడిగినా కాయితం ఉందా, కాయితం ఉందా అని మీరే అడిగినారు బాబూ. కాయితం లేకపోతే సెల్లదని మీరే సెప్పినారు. ఇప్పుడు నాకు అలవాటైపోనాది" అంది గవరమ్మ, ఎంతో వినయంగా.

మూడు రోజులూ ఆమె వచ్చింది, ఊడ్చింది, నడిచింది.

తర్వాతి వారం మా ఊళ్ళో, కాగితాల ప్రకారం, ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు. ధ్రువపత్రాల మీద సంతకం పెట్టే మనిషి లేడు. పెళ్ళిళ్ళు అయ్యాయి గాని నమోదు కాలేదు. కట్టిన ఇళ్ళు కట్టనట్టే ఉన్నాయి. పక్క పట్టణం నుంచి ఎవరినైనా అరువు తెచ్చుకుందామంటే అక్కడా అందరూ ఇర్రెగ్యులరే. పైఆఫీసుకు మొరపెట్టుకుంటే మూడు వాక్యాల జవాబు వచ్చింది. తప్పిన రోజులను మన్నిస్తూ ఉద్యోగులను మళ్ళీ రెగ్యులర్ చేసుకోవచ్చు. ఆ ఉత్తర్వుపై అదే కార్యాలయపు రెగ్యులర్ ఉద్యోగి సంతకం ఉండాలి. ప్రతి ఒక్కరి ఆనందాన్నీ సంతకం చేసేవారు స్వయంగా పరీక్షించి ధ్రువీకరించాలి. పైఆఫీసులో జిమ్ లేదు కనుక వాళ్ళకు ఈ చిక్కేదీ లేదు.

ఉత్తర్వు రాయమని నాకు చెప్పారు. రాసే ముందు దక్షిణామూర్తి గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఆమెతో సంతకం పెట్టిద్దాం. మనమంతా రెగ్యులర్ అయిపోయాక, తీరిగ్గా ఆమెది పొరపాటు నమోదు అని రద్దు చేద్దాం. ఏమంటావు?"

వెళ్ళి టైపు మిషను ముందు కూర్చున్నాను. కంప్యూటరు ఉంది గాని, ముఖ్యమైనవి నేను మిషను మీదే కొడతాను. ఆ పూట నా వేళ్ళకు ఎంత బలం వచ్చిందో చెప్పలేను. ఎనిమిది అంశాలు ఆయన చెప్పినట్టే రాశాను. తొమ్మిదోది నేను చేర్చాను.

కాగితం చూసి ఆయన మూడోసారి చదివేటప్పుడు తొమ్మిది దగ్గర ఆగారు.

"కింద సంతకము చేసిన రెగ్యులర్ ఉద్యోగిని శ్రీమతి గవరమ్మ గారి హోదా ఏ కారణముచేతనైనను రద్దయినచో, ఈ ఉత్తర్వు ద్వారా రెగ్యులర్ అయిన వారందరి హోదాయూ అదే క్షణమున రద్దగును. ఇదేమిటయ్యా?"

"వేరు లేకుండా కొమ్మ ఉండదు కదండీ."

"ఉండదనుకో. కాగితం మీద రాయడం ఎందుకు?"

"రాయకపోతే ఆడిట్ వాళ్ళు అడుగుతారేమోనండి" అన్నాను.

మా ఆఫీసులో ఆ జవాబు తర్వాత ఇక ప్రశ్న ఉండదు. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, "పంపు" అన్నారు.

గవరమ్మను కమిషనర్ గారి గదిలోకి పిలిచారు. ఎప్పుడూ గోడవారగా నిలబడే మనిషిని కుర్చీలో కూర్చోమన్నారు. ఆమె అంచు మీద కూర్చుంది.

"సంతకం వచ్చునా అమ్మా?" అని అడిగారు కమిషనర్ గారు.

"వొచ్చు బాబూ. రాత్రి బళ్ళో నేర్పినారు. ఇప్పటిదాకా ఎక్కడా పెట్టమన్నోల్లు లేరు." నా వైపు చూసి, "ఏటి రాసుందో మొత్తం సదివి సెప్పండి" అంది.

తొమ్మిది అంశాలూ చదివాను. తొమ్మిదోదాన్ని నెమ్మదిగా చదివాను. చదివి, దాన్నే మామూలు మాటల్లో చెప్పాను.

"అంటే నాను ఉన్నంతకాలం ఈ బాబులందరూ ఉంటారన్నమాట."

"అంతే గవరమ్మా."

"నన్ను తీసీలేరు."

"తీస్తే అందరం పోతాం."

ఆమె చెంగుతో ముఖం ఒకసారి తుడుచుకుంది. చెమటో మరేమిటో నేను చూడలేదు. తర్వాత గొంతు సవరించుకుని, "మరి ఆనందం పరీచ్చ సెయ్యాలని ఎనిమిదో దాన్లో సదివినారు కదా బాబూ. దానికి పళ్ళు సూడాల" అంది.

ముప్ఫై ఒక్కమంది ఉద్యోగులం కమిషనర్ గారి గది బయట వరసలో నిలబడ్డాం. కమిషనర్ గారే మొదట నిలబడ్డారు. ఒక్కొక్కరం వెళ్ళి గవరమ్మ ఎదుట పళ్ళు బయటపెట్టాం. ఆమె తొందరపడలేదు. వేలు గాలిలో ఆడిస్తూ ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. "ఇంకొంచెం నవ్వండి బాబూ, ఇది ఏడుపులా ఉంది" అని కమిషనర్ గారితో రెండుసార్లు నవ్వించింది. సింహాచలాన్ని చూసి, "నీకు పళ్ళున్నాయి గానీ ఆనందం లేదురా. పోనీలే, ఎల్లు" అంది. వాడు నిజంగానే నవ్వేశాడు. దాంతో వరస వరసంతా నవ్వింది. అంతమంది ఒకేసారి నవ్వడం మా ఆఫీసు గోడలు ఎప్పుడూ విని ఉండవు. ఏ యంత్రమూ దాన్ని ఫోటో తీయలేదు.

దక్షిణామూర్తి గారి వంతు వచ్చింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని నోరు తెరిచారు. హడావుడిలో ఆ రోజూ పై వరస గ్లాసులోనే ఉండిపోయింది.

"ఏడే ఉన్నాయి బాబూ."

ఆయన తల దించుకున్నారు. పద్నాలుగేళ్ళలో ఆమె అర్జీ పైఆఫీసు దాకా వెళ్ళకముందే దాని మీద, ఒక జత తక్కువైందని, ఒక తేదీ తేడా ఉందని, ఒక సంతకం పక్కకు జరిగిందని రాసి వెనక్కి పంపింది ఆయనే.

"నాది ఒకటి కలపండి. ఎనిమిది" అని గవరమ్మ కలం అందుకుంది.

గ, వ, ర, మ్మ. ఒక్కో అక్షరం తర్వాత ఆగి, వెనక్కి వంగి చూసుకుని, తర్వాతి అక్షరం రాసింది. మేమందరం ఆ నాలుగు అక్షరాల కోసం ఊపిరి బిగబట్టాం. మ కింద మవత్తు పడ్డాక మా ఊళ్ళో మళ్ళీ జననాలు, మరణాలు మొదలయ్యాయి.

మర్నాడు ఐదున్నరకు జిమ్ గుమ్మంలో ఆమె నాకోసం నిలబడి ఉంది. నా చేతిలో సంచీ చూసి, "ఏటి బాబూ, బరువులు ఇంటికాడి నుంచే తెచ్చుకుంటన్నారా?" అంది.

సంచీలోంచి కొబ్బరికాయ తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు గుర్తులేదు. చెప్పాను. తొమ్మిదేళ్ళ కిందట, కార్తీక సోమవారం, అమ్మవారి గుడిలో నేను కొట్టిన కాయ కుళ్ళిపోయింది. లోపల నల్లగా ఉన్న చిప్పలను చూసి నేను బిగుసుకుపోయి నిలబడితే, వెనకున్న గవరమ్మ, "అమ్మోరికి కోపమేటి, అమ్మినోడిది మోసం గానీ" అని తన కాయ నా చేతిలో పెట్టి, తను ఉత్త చేతులతో దండం పెట్టుకుని వెళ్ళిపోయింది. రేపు ఇస్తానన్నాను. ఆ రేపు తొమ్మిదేళ్ళు నడిచింది. రోజూ ఆమె నా బల్ల ముందే ఊడ్చేది. ఒక్కనాడూ గుర్తు రాలేదని చెప్పను. గుర్తొచ్చేది. ఆమె అర్జీ తిరిగి వచ్చిన రోజుల్లో మరీ ఎక్కువగా గుర్తొచ్చేది. అందుకే తల ఎత్తేవాణ్ణి కాదు.

"ఓలమ్మా, ఒక కాయకి ఇంత మోసినారా బాబూ" అని ఆమె దాన్ని చెవి దగ్గర ఆడించి చూసుకుంది. నీళ్ళు పలికాయి.

"గుడికి తీసుకెళ్తావా?"

"గుడికెందుకు?" అని లోపలికి వెళ్ళింది. కొంగు ముడిలో తెచ్చుకున్న కుంకుమతో ట్రెడ్‌మిల్లుకు మూడు బొట్లు పెట్టింది. దాని ముందు నేల మీద కాయ కొట్టింది. తెల్లగా, సమానంగా రెండు చిప్పలైంది. ఒక చిప్ప యంత్రం ముందు పెట్టి దండం పెట్టుకుంది. రెండోది నా చేతిలో పెట్టింది.

"సెల్లుకి సెల్లు బాబూ" అని చెప్పి, చెప్పులు విడిచి, పట్టా ఎక్కి మీట నొక్కింది.